రేడియో సంకేతంతో సరిదిద్దుకునే గడియారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తనంతట తానే సమయం సరిచేసుకునే డిజిటల్ గడియారాల గురించి వచ్చిన ప్రశ్నలను ఈ సంచికలో ఒక్కచోట చేర్చి జవాబులిస్తున్నాం. దేశాన్ని బట్టి ఈ గడియారం పనితీరు మారిపోతుంది కాబట్టి ప్రశ్న ఏ ఊరి నుంచి వచ్చిందో ప్రతిదాని కిందా ఇచ్చాం.

ప్రశ్న: మా అబ్బాయి ‘అటామిక్ క్లాక్’ అని పేరున్న డిజిటల్ గడియారం కొనిచ్చాడు. బ్యాటరీలు వేయగానే పన్నెండు గంటలు చూపించి, అక్కడి నుంచి నడక మొదలుపెట్టింది. తెర మీద టవర్ బొమ్మ కాసేపు మిణుకుమిణుకుమని మాయమైపోయింది. రోజంతా బటన్లు నొక్కి చూశాను గాని సమయం సరికాలేదు. గడియారం చెడిపోయిందంటారా? మొదటి నుంచి ఎలా అమర్చుకోవాలి?
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: గడియారం చెడిపోయి ఉండదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి దానికి సంకేతం అందలేదని మాత్రమే అర్థమవుతోంది. న్యూజెర్సీలో పగటిపూట అందకపోవడం మామూలే. పేరులో ‘అటామిక్’ అని ఉన్నా దాని లోపల అణు గడియారమేమీ ఉండదు. సెకనుకు 32,768 సార్లు కంపించే మామూలు క్వార్ట్జ్ స్ఫటికం, దానికి తోడుగా ఒక చిన్న రేడియో రిసీవర్, అంతే. అసలైన అణు గడియారాలు కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్ దగ్గర, డబ్ల్యూడబ్ల్యూవీబీ అనే ప్రసార కేంద్రంలో ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ నడిపే ఈ కేంద్రం 1963 నుంచి అక్కడ పనిచేస్తూ, 60 కిలోహెర్ట్జ్ మీద రాత్రింబగళ్లు సమయాన్ని ప్రసారం చేస్తోంది. మీ గడియారం చేసే పనల్లా రోజుకు ఒకటి రెండుసార్లు, ఎక్కువగా అర్ధరాత్రి దాటాక, ఆ ప్రసారాన్ని కొన్ని నిమిషాలపాటు విని తన లెక్కను సరిచేసుకోవడమే. మిగిలిన సమయమంతా అది అన్ని క్వార్ట్జ్ గడియారాల లాగే నడుస్తుంది.

రాత్రిని ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. 60 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు అయిదు కిలోమీటర్లు. ఇంత పొడవైన తరంగాలు నేలను అంటిపెట్టుకుని చాలా దూరం పోగలవు గాని, ఫోర్ట్ కాలిన్స్ నుంచి మీ ఊరికి రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఉంది. పగలు సూర్యరశ్మి వల్ల డెబ్భై ఎనభై కిలోమీటర్ల ఎత్తులో ఏర్పడే విద్యుదావేశిత పొర, పైకి వెళ్లిన తరంగాలను చాలావరకు పీల్చేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర పలచబడిపోయి, అంతకంటే ఎత్తులో ఉన్న పొర తరంగాలను తిరిగి నేల మీదికి పంపుతుంది. అందుకే కొలరాడోలోనూ మీ ఊళ్లోనూ కూడా చీకటిగా ఉండే వేళల్లో సంకేతం బలంగా అందుతుంది. పగలు ఎన్ని బటన్లు నొక్కినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మొదటి నుంచి చేద్దాం. బ్యాటరీలు తీసేసి ఒక పావుగంట ఆగండి, పాత లెక్కలన్నీ చెరిగిపోతాయి. తర్వాత కొత్త ఆల్కలైన్ బ్యాటరీలు వేయండి. మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే నికెల్ బ్యాటరీలు 1.5 వోల్టులకు బదులు 1.2 వోల్టులే ఇస్తాయి కాబట్టి, గడియారంతో వచ్చిన పుస్తకంలో వాటిని వాడవచ్చని రాసి ఉంటే తప్ప వేయకపోవడమే మంచిది. ఆ తర్వాత మీ చేత్తో చేయవలసినవి రెండే ఉన్నాయి: టైమ్ జోన్‌ను ఈస్టర్న్ అని ఎంచుకోవడం, డేలైట్ సేవింగ్ (వేసవి నెలల్లో గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపే పద్ధతి) అమరికను ఆన్‌లో ఉంచడం. కొలరాడో కేంద్రం ప్రసారం చేసేది అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్నే గాని న్యూజెర్సీ సమయాన్ని కాదు కాబట్టి, దాని నుంచి ఎన్ని గంటలు తీసివేయాలో గడియారానికి మీరే చెప్పాలి. ఇక్కడ పొరపాటు జరిగితే నిమిషాలు, సెకన్లు కచ్చితంగా ఉండి గంట మాత్రమే తప్పుగా కనిపిస్తుంది. అలా కనిపించిందంటే సంకేతం చక్కగా అందుతోందనీ, జోన్ ఒక్కటి మార్చుకుంటే చాలనీ గ్రహించవచ్చు. తెల్లవారే దాకా సమయం తెలియాలనుకుంటే తాత్కాలికంగా చేత్తో పెట్టుకోవచ్చు, సంకేతం అందాక గడియారమే దాన్ని దిద్దుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది గడియారాన్ని ఎక్కడ ఉంచుతామన్నది. లోపలి యాంటెన్నా వేలెడంత ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పదార్థం) కడ్డీ, దాని చుట్టూ సన్నని రాగి తీగ. ఈ కడ్డీకి తన పక్క వైపుల నుంచి వచ్చే తరంగాలు బాగా అందుతాయి, కొనల వైపు నుంచి వచ్చేవి దాదాపు అందవు. చాలా గడియారాల్లో కడ్డీ అడ్డంగా, ముఖానికి సమాంతరంగా ఉంటుంది కాబట్టి గడియారం ముఖమో వీపో కేంద్రం వైపు ఉండాలి. మీకు ఆ కేంద్రం పడమర దిక్కున ఉంది కాబట్టి పడమటి కిటికీ గట్టున పెట్టి చూడండి. డాలస్, అట్లాంటాల వారికి వాయవ్యమూ, సియాటిల్ వారికి ఆగ్నేయమూ అవుతాయి. టీవీ, కంప్యూటర్ తెర, ఫోన్ చార్జర్, ఎల్ఈడీ దీపం, వైఫై రౌటర్ వంటివి కనీసం రెండు మీటర్ల దూరంలో ఉండాలి. ఇవన్నీ ఇంచుమించు అదే పౌనఃపున్యం చుట్టుపక్కల రొద పుట్టిస్తాయి. మంచం పక్కన ఫోన్ చార్జర్‌ను ఆనుకుని పెట్టిన గడియారం నెలల తరబడి సరికాకపోవడం ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. ఇనుప కిటికీ చట్రాలు, రేకు గోడలు, ఫ్రిజ్ తలుపు కూడా పనికిరావు. గడియారం అడాప్టర్ మీద నడిచేదైతే ఆ అడాప్టరే రొదకు మూలం కావచ్చు, ఒక రాత్రి బ్యాటరీల మీద నడిపి చూడండి.

అలా పెట్టిన తర్వాత తెల్లవారే వరకు దాని జోలికి పోవద్దు. చాలా నమూనాల్లో బటన్ నొక్కినా, తెర దీపం వెలిగించినా ఆ క్షణాన వినడం ఆగిపోతుంది. ఉదయానికి టవర్ గుర్తు మిణుకుమనకుండా నిలకడగా కనిపిస్తే పని పూర్తయినట్టే. కనిపించకపోతే బటన్ల జోలికి వెళ్లకుండా చోటు మార్చండి. మూడు నాలుగు రాత్రులు, మూడు నాలుగు చోట్లు చూడకుండా గడియారాన్ని దుకాణానికి తిరిగి పంపడం తొందరపాటవుతుందని మా అభిప్రాయం. రాత్రులు పొట్టిగా ఉండి, ఉరుములు మెరుపులు ఎక్కువగా ఉండే వేసవి నెలల్లో తూర్పు తీరం వారికి మరికొంత ఓపిక అవసరం. ఉక్కు చట్రంతో కట్టిన అపార్ట్‌మెంటులో ఎక్కడా అందకపోతే ఒక రాత్రి బాల్కనీలో ఉంచి, సరయ్యాక లోపలికి తెచ్చుకోవచ్చు. అప్పటి నుంచి రోజుకు అర సెకను దాకా తేడా పెరగవచ్చు గాని, ఇంటి అవసరాలకు అది ఇబ్బంది పెట్టే తేడా కాదు.

ప్రశ్న: సంకేతం అందుతున్నప్పుడు కూడా గడియారం సరికావడానికి అయిదారు నిమిషాలు పడుతోంది. ఇంటర్నెట్‌లో క్షణంలో జరిగే పనికి ఇంతసేపు ఎందుకు? ఆ సంకేతంలో ఏముంటుంది?
– డాలస్, టెక్సాస్ (ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: ఆ ప్రసారం సెకనుకు ఒక్క అంకెను మాత్రమే మోసుకొస్తుంది. ప్రతి సెకను మొదలవగానే కేంద్రం తన ప్రసార శక్తిని 17 డెసిబెళ్లు, అంటే సుమారు యాభయ్యో వంతుకు తగ్గించి, కొంతసేపటికి మళ్లీ పెంచుతుంది. తగ్గి ఉన్న వ్యవధి 0.2 సెకన్లయితే సున్నా, 0.5 సెకన్లయితే ఒకటి, 0.8 సెకన్లయితే అది హద్దును తెలిపే గుర్తు. హద్దు గుర్తులు రెండు వరుసగా వస్తే కొత్త నిమిషం మొదలైందని గడియారం పోల్చుకుంటుంది. అక్కడి నుంచి 60 సెకన్లలో నిమిషం, గంట, ఆ ఏడాదిలో అది ఎన్నో రోజు, సంవత్సరపు చివరి రెండు అంకెలు, లీపు సంవత్సరమా కాదా, డేలైట్ సేవింగ్ అమలులో ఉందా లేదా అన్నవన్నీ వరుసగా వస్తాయి. నెల, తేదీ విడిగా రావు. ‘32వ రోజు’ అని వస్తే దాన్ని ఫిబ్రవరి 1గా మార్చుకునేది గడియారమే. నిమిషాలను 40, 20, 10, 8, 4, 2, 1 అన్న విలువలుగా విడగొట్టి పంపుతారు. 47వ నిమిషమైతే 40, 4, 2, 1 స్థానాల్లో ఒకట్లు, మిగతావాటిలో సున్నాలు ఉంటాయి.

ఈ సంకేతంలో పొరపాటును పట్టిచ్చే తనిఖీ అంకెలు లేవు. ఎక్కడో మెరిసిన ఒక్క మెరుపు చాలు, సున్నా ఒకటిగా మారడానికి. అందువల్ల గడియారాలు ఒక నిమిషం విని నమ్మేయకుండా, వరుసగా రెండు మూడు నిమిషాల సంకేతాలను తీసుకుని, అవి ఒకదాని తర్వాత ఒకటిగా పొసుగుతున్నాయో లేదో చూసుకున్నాకే తెర మీద సమయం మారుస్తాయి. మధ్యలో ఒక్క అంకె చెడినా మళ్లీ మొదటికి వస్తాయి. అయిదారు నిమిషాలు పట్టడం ఆ జాగ్రత్త ఫలితం. రొద ఎక్కువగా ఉన్న చోట తప్పుడు సంకేతాన్నే ఒప్పుగా భావించి, వింత తేదీ చూపించడం అరుదుగా జరుగుతుంది. మరుసటి రాత్రి సరిగా విన్నాక అదే సర్దుకుంటుంది. 2012 నుంచి ఇదే ప్రసారంలో తరంగపు దశను మార్చే మరో పద్ధతిని కూడా చేర్చారు. బలహీనమైన సంకేతాన్ని సైతం చదవడానికి అది చాలా మేలైనది. అయితే దాన్ని అర్థం చేసుకోగల రిసీవర్ ఉన్న గడియారాలకే ఆ ప్రయోజనం దక్కుతుంది, పాత పద్ధతి గడియారాలు ఎప్పటిలాగే శక్తి హెచ్చుతగ్గులను చూసి నడుస్తాయి.

ప్రశ్న: మా గడియారం మార్చి నెలలో ఒక గంట ముందుకు వెళ్లిపోయి, నవంబరులో మళ్లీ సరవుతోంది. మధ్యలో ఎన్నిసార్లు దిద్దినా మర్నాటికి మళ్లీ అంతే.
– ఫీనిక్స్, అరిజోనా

జవాబు: నవాహో అనే ఆదివాసుల ప్రాంతం మినహా అరిజోనాలో డేలైట్ సేవింగ్ పాటించరు. కొలరాడో ప్రసారం మాత్రం దేశం మొత్తాన్ని ఉద్దేశించి, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు ‘వేసవి సమయం అమలులో ఉంది’ అని చెబుతూనే ఉంటుంది. మీరు పగలు చేత్తో దిద్దినా, రాత్రి విన్న సంకేతం ఆ దిద్దుబాటును చెరిపేస్తుంది. అమరికల్లో డేలైట్ సేవింగ్‌ను ఆఫ్ చేసి, జోన్‌ను మౌంటెన్‌గా ఉంచండి. ఆఫ్ చేసే సదుపాయం లేని నమూనా అయితే వేసవి నెలల్లో పసిఫిక్ జోన్‌కూ, చలికాలంలో మౌంటెన్‌కూ మార్చుకోవడమొక్కటే దారి.

ప్రశ్న: ఉద్యోగరీత్యా అమెరికా నుంచి జర్మనీకి మారాం. అక్కడ చక్కగా పనిచేసిన గడియారం ఇక్కడ టవర్ గుర్తే చూపించడం లేదు. ఇక్కడా రేడియో గడియారాలు అమ్ముతున్నారు కదా, మాది ఎందుకు పనిచేయదు?
– స్టుట్‌గార్ట్, జర్మనీ

జవాబు: ప్రసారం చేసే పౌనఃపున్యమూ, సమయాన్ని అంకెల్లో పెట్టే పద్ధతీ దేశానికొక రకంగా ఉన్నాయి. జర్మనీలో డీసీఎఫ్77 అనే కేంద్రం ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఆగ్నేయంగా ఉన్న మైన్‌ఫ్లింగెన్ నుంచి 77.5 కిలోహెర్ట్జ్ మీద ప్రసారం చేస్తుంది. దాని సమయాన్ని చూసుకునేది బ్రౌన్‌ష్వైగ్‌లోని జాతీయ కొలతల సంస్థ. 60 కిలోహెర్ట్జ్‌కు మాత్రమే కట్టిన మీ గడియారానికి ఇది వినబడనే వినబడదు. ఇంగ్లండులోని ఎంఎస్ఎఫ్ కేంద్రం కంబ్రియాలోని ఆంథార్న్ నుంచి 60 కిలోహెర్ట్జ్ మీదే ప్రసారం చేస్తున్నా, అంకెల పద్ధతి వేరు కాబట్టి అమెరికా గడియారం దాన్ని విన్నా చదవలేదు. ‘మల్టీ బ్యాండ్’ అని రాసి ఉన్నవి మాత్రమే ఇలా దేశాలు మారినా పనిచేస్తాయి.

జర్మనీలో కొత్తది కొనుక్కోమనే మా సలహా. మైన్‌ఫ్లింగెన్ మీకు రెండు వందల కిలోమీటర్ల లోపే ఉంది కాబట్టి పగలు కూడా సులువుగా అందుతుంది. పైగా ఆ కేంద్రం జర్మనీ సమయాన్నే, వేసవి మార్పుతో సహా నేరుగా పంపుతుంది కాబట్టి జోన్ అమర్చవలసిన పనే లేదు. అక్కడి గడియారాన్నే లండన్ తీసుకుపోతే సంకేతం అందుతుంది గాని ఒక గంట వెనక్కి పెట్టుకోవాలి. జపాన్‌లో ఉన్నవారి కోసం ఇంకొక్క మాట: అక్కడి జేజేవై సంకేతం ఫుకుషిమా ప్రాంతపు కొండ మీద నుంచి 40 కిలోహెర్ట్జ్ పైనా, క్యూషూలోని హగానె కొండ మీద నుంచి 60 కిలోహెర్ట్జ్ పైనా వస్తుంది. 2011 మార్చిలో అణు విద్యుత్కేంద్ర ప్రమాదం తర్వాత ఫుకుషిమా కేంద్రం నుంచి సిబ్బంది వెళ్లిపోవలసి వచ్చి ప్రసారం నెలకు పైగా నిలిచిపోయింది. ఆ కేంద్రం మీదే ఆధారపడిన గడియారాలు ఆగిపోలేదు, క్వార్ట్జ్ లెక్క మీద నడుస్తూ వచ్చాయి.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికా నుంచి వస్తూ రేడియో గడియారం తెచ్చింది. ఇక్కడ సమయం దానంతట అదే సరవుతుందా? జోన్ల జాబితాలో భారతదేశం కనిపించడం లేదు. అడాప్టర్ కూడా ఇచ్చారు, పెట్టవచ్చునా?
– విజయవాడ

జవాబు: ముందుగా అడాప్టర్ సంగతి. దాని మీద సన్నని అక్షరాలతో ‘ఇన్‌పుట్ 100–240 వోల్ట్స్’ అని ఉంటేనే ప్లగ్గులో పెట్టండి. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు అది కాలిపోతుంది, ప్రమాదం కూడా. అలాంటప్పుడు బ్యాటరీలతోనే నడిపించండి.

ఇక సమయం తనంతట తాను సరికాదు. కొలరాడో కేంద్రం విజయవాడకు పదమూడున్నర వేల కిలోమీటర్ల దూరంలో ఉంది. చైనాలోని షాంగ్‌చియు కేంద్రం దగ్గరిదే అయినా నాలుగు వేల కిలోమీటర్లు ఉంది, పైగా అది 68.5 కిలోహెర్ట్జ్ మీద వేరే పద్ధతిలో ప్రసారం చేస్తుంది. మన దేశంలో ఇలాంటి గడియారాలు వినదగిన దీర్ఘతరంగ ప్రసారం లేదు. భారత ప్రామాణిక సమయాన్ని నిర్వహించే ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఒకప్పుడు ఏటీఏ అనే పేరుతో 10 మెగాహెర్ట్జ్ షార్ట్‌వేవ్‌లో సమయ సంకేతాలు పంపేది గాని, అవి ఈ రకం గడియారాలకు ఉద్దేశించినవి కావు. అమ్మాయి ప్రేమగా తెచ్చిన గడియారాన్ని అటక మీద పెట్టవలసిన అవసరం మాత్రం లేదు. మంచి క్వార్ట్జ్ గడియారంగా అది ఏళ్ల తరబడి పనికొస్తుంది.

చేయవలసింది ఇది. రేడియో రిసెప్షన్‌ను ఆఫ్ చేసే అమరిక ఉంటే తప్పకుండా ఆఫ్ చేయండి, లేకపోతే ప్రతి రాత్రీ లేని సంకేతం కోసం వెతుకుతూ బ్యాటరీని తినేస్తుంది. డేలైట్ సేవింగ్‌ను కూడా ఆఫ్ చేయండి. కొన్ని గడియారాలు లోపలి క్యాలెండర్‌ను బట్టి మార్చిలో ఒక గంట జరిగిపోతాయి. జోన్ ఏదున్నా ఫరవాలేదు, చేత్తో పెట్టిన సమయమే తెర మీద ఉంటుంది. అంతర్జాతీయ ప్రామాణిక సమయానికీ మనకూ ఉన్న అయిదున్నర గంటల తేడాను అది చూపలేదని చింతించనక్కరలేదు. తేదీ అమెరికా వరుసలో, నెల ముందు రోజు తర్వాతగా కనిపిస్తే, మార్చుకునే వీలుందేమో అమరికల్లో చూడండి. సెకన్లు కూడా కలవాలంటే రాబోయే నిమిషపు సమయం పెట్టి, ఫోన్‌లోని గడియారంలో ఆ నిమిషం మొదలైన క్షణాన సెట్ బటన్ వదలండి. టీవీ వార్తల్లో కనిపించే సమయంతో కలపవద్దు, ఉపగ్రహం ద్వారా వచ్చే ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా ఇంటికి చేరుతుంది. ఫోన్‌లో ఆకాశవాణి వినేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. మామూలు రేడియోలో వార్తలకు ముందు వచ్చే బీప్ శబ్దాలతో కలపడం మాత్రం బాగానే ఉంటుంది. నెలకు పదిహేను సెకన్ల దాకా తేడా రావచ్చు కాబట్టి ప్రతి నెలా ఒకటో తేదీన సరిచూసుకుంటే చాలు.

సాంకేతిక విషయాల్లో ఆసక్తి ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే మరో దారి ఉంది. రేడియో గడియారాల సంకేతాన్ని అనుకరించే ఫోన్ యాప్‌లు కొన్ని దొరుకుతున్నాయి. ఫోన్ 60 కిలోహెర్ట్జ్ పుట్టించలేదు గాని, చెవికి వినబడని 20 కిలోహెర్ట్జ్ ధ్వనిని పుట్టించగలదు. ఇయర్‌ఫోన్ తీగలో దాని మూడు రెట్ల పౌనఃపున్యం కూడా బలహీనంగా పారుతుంది. ఆ తీగను గడియారం చుట్టూ రెండు మూడు చుట్లు చుట్టి, శబ్దాన్ని పూర్తిగా పెంచి, అయిదారు నిమిషాలు ఉంచితే గడియారం అదే అసలైన ప్రసారమనుకుని సమయాన్ని తీసుకుంటుంది. దాని ప్రభావం కొన్ని అంగుళాలు దాటదు. ఇందుకు రిసెప్షన్ ఆన్‌లో ఉండాలి. యాప్‌లో సమయాన్ని ముందుకు వెనక్కు జరిపే వీలుంటే, గడియారం తన జోన్ ప్రకారం గంటలు తీసివేసిన తర్వాత మన సమయమే మిగిలేలా లెక్క కట్టి పంపవచ్చు.

తనంతట తానే సరిచేసుకునే గడియారమే కావాలనుకుంటే ఇక్కడ వైఫై ద్వారా ఇంటర్నెట్ సమయాన్ని తీసుకునేవి, జీపీఎస్ ఉపగ్రహాల నుంచి తీసుకునేవి కొనుక్కోవచ్చు. కొనేముందు అందులో అయిదున్నర గంటల జోన్ ఉందో లేదో తప్పక అడగండి, గంటల తేడాలు మాత్రమే ఉన్నవి మనకు పనికిరావు.

ప్రశ్న: సమయం సరిగానే ఉంది గాని, బయటి ఉష్ణోగ్రత చూపే చోట గీతలు మాత్రమే కనిపిస్తున్నాయి. బయటి పెట్టెను కిటికీ దగ్గరికి జరిపినా లాభం లేదు.
– షార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: బయటి పెట్టెకూ కొలరాడో ప్రసారానికీ సంబంధం లేదు. అది తన సొంత చిన్న ట్రాన్స్‌మిటర్‌తో, సాధారణంగా 433 లేదా 915 మెగాహెర్ట్జ్ మీద, ఉష్ణోగ్రతను గడియారానికి పంపుతుంది. రెండింటి బ్యాటరీలూ తీసి, ముందు బయటి పెట్టెలో, ఆ తర్వాతే గడియారంలో వేసి, రెండూ ఒకే బల్ల మీద ఉండగా అంకెలు వచ్చేదాకా ఆగండి. పెట్టె మీద ఒకటి, రెండు, మూడు అని చానల్ మీట ఉంటే గడియారంలోనూ అదే చానల్ ఉండాలి. అంకెలు కనిపించాక పెట్టెను ఎండా వానా నేరుగా తగలని చూరు కింద తగిలించండి. గడ్డకట్టే చలిలో ఆల్కలైన్ బ్యాటరీలు నీరసిస్తాయి కాబట్టి పుస్తకంలో అనుమతి ఉంటే బయటి పెట్టెకు లిథియం బ్యాటరీలు వాడండి.